లాగిన్ కూడా అమానతే

2025 డిసెంబరు 6న 'ఉమీద్' పోర్టల్ గడువు ముగిసింది. అంతకు సరిగ్గా ఆరు నెలల ముందు, జూన్ 6న, కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రి కిరణ్ రిజిజు దానిని ప్రారంభించారు. దేశంలో రిజిస్టరైన ప్రతి వక్ఫ్ ఆస్తి వివరాలను ఆ వ్యవధిలో దాని ముతవల్లీ స్వయంగా పోర్టల్‌లో దాఖలు చేయాలన్నది నియమం. గడువు ముగిశాక కేంద్ర ప్రభుత్వం లెక్కలు ప్రకటించింది. 5,17,040 ఆస్తుల నమోదు మొదలైంది. వాటిలో 2,16,905 ఆమోదం పొందాయి. 2,13,941 దాఖలై ఆమోదం కోసం వేచి ఉన్నాయి. 10,869 పరిశీలనలో తిరస్కరణకు గురయ్యాయి.

ఈ చివరి మూడు సంఖ్యలను కలిపి చూస్తే 4,41,715 వస్తుంది. మొత్తంలో నుంచి దీనిని తీసివేస్తే 75,325 మిగులుతాయి. అంటే ఇన్ని మస్జిదులు, ఖబరస్తాన్‌లు, దర్గాలు, ఈద్గాహ్‌లు, ఇనాం భూముల విషయంలో ఎవరో ఒకరు ఖాతా తెరిచారు, వివరాలు నింపడం మొదలుపెట్టారు, కానీ దాఖలు దాకా చేరలేకపోయారు. ఇక అసలు ఖాతాయే తెరవని వారి సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వమే పూర్వం నడిపిన 'వామ్‌సీ' పోర్టల్‌లో 8.72 లక్షల స్థిరాస్తులు నమోదై ఉన్నాయి. వాటిలో పునరుక్తులు, పొరపాట్లు కొన్ని ఉన్నాయనుకున్నా, పాత లెక్కకూ కొత్త లెక్కకూ మధ్య మూడున్నర లక్షల వ్యత్యాసం కనిపిస్తున్నది. ఈ వ్యత్యాసానికి కారణం ముతవల్లీల నిర్లక్ష్యమేనని తేల్చివేసేవారు మన సముదాయం బయట ఉన్నారు, లోపలా ఉన్నారు. ఆ తీర్పు తొందరపాటు. పోర్టల్ తలుపు ఎలా నిర్మితమైంది, దాని గుండా ప్రవేశించగలిగింది ఎవరు అని ముందుగా అడగాలి.

స్వయం నమోదు ఎవరి సౌకర్యం?

ప్రభుత్వ భాషలో దీనిని స్వయం నమోదు అంటున్నారు. ఈ పద్ధతి వ్యాపార రంగం నుంచి వచ్చింది. వినియోగదారుడు తన ఫోన్ నంబరు, ఈమెయిలు ఇచ్చి, ఓటీపీ కొట్టి, తన ఖాతాను తానే తెరుచుకుంటాడు. దుకాణదారుకు గుమాస్తా ఖర్చు తప్పుతుంది, వినియోగదారుడికి బారులో నిలబడే శ్రమ తప్పుతుంది. ఇందులో ఆక్షేపించవలసింది ఏమీ లేదు. ఎవరైనా ఆ ఖాతా తెరవలేకపోతే నష్టపోయేది ప్రధానంగా దుకాణదారే, అతనికి ఒక కొనుగోలుదారు తగ్గుతాడు. అందుకే వ్యాపారులు తమ నమోదు పేజీని వీలైనంత తేలికగా ఉంచుతారు. ఒక్క గడి ఎక్కువైనా మనుషులు వెనుదిరిగిపోతారని వారికి తెలుసు.

హక్కుల విషయంలో ఈ తూకం తలకిందులవుతుంది. ఖాతా తెరవలేకపోయినవాడే నష్టపోతాడు, పోర్టల్ పెట్టినవారికి పోయేది లేదు. నమోదు కష్టంగా ఉంటే ఆ కష్టాన్ని తగ్గించవలసిన ఒత్తిడి ఎవరి మీదా పడదు. పైగా, నమోదు కాని ఆస్తి రేపు ఎవరికో సందేహాస్పదంగా కనిపిస్తుంది. కాబట్టి హక్కును ఒక పోర్టల్ ఖాతాకు ముడివేసినప్పుడు, ఆ ఖాతా తెరిచే ప్రక్రియ కూడా న్యాయస్థానపు గుమ్మమంత నిష్పాక్షికంగా, అందరికీ అందేలా ఉండి తీరాలి. ఈ వ్యాసం చెప్పదలచిన మొదటి మాట ఇది. ఆ ఖాతా ఒకసారి తెరుచుకున్నాక అది వ్యక్తి సొత్తు కాదనీ, వక్ఫ్ భూమి ఎంత అమానతో ఆ ఖాతా కూడా అంత అమానతేననీ చెప్పేది రెండవ మాట. మొదటిది ప్రభుత్వానికి, రెండవది మనకు.

తలుపు దగ్గర ఆగిపోయినవారు

నమోదు ప్రక్రియ మూడు అంచెలుగా ఉంది. ముతవల్లీ 'మేకర్'. ఆయన తన ఈమెయిలు, మొబైల్ నంబరులతో ఓటీపీ ద్వారా పోర్టల్‌లో చేరి, ఆస్తి వివరాలు నింపి దాఖలు చేస్తారు. 'చెకర్' వాటిని పరిశీలిస్తారు. 'అప్రూవర్' ఆమోదిస్తారు. కాగితం మీద చూస్తే ఇది పద్ధతి ప్రకారం ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ మొదటి అంచెలో నిలబడవలసిన మనిషి ఎవరు?

పట్టణాలలోని పెద్ద మస్జిదులకు కమిటీ, కార్యదర్శి, గుమాస్తా ఉంటారు. పల్లెలో ఏడెనిమిది ఇళ్ల ముస్లింలు నిలబెట్టుకున్న మస్జిదుకు అవేమీ ఉండవు. ఇమాం సాహెబ్ మరో జిల్లా నుంచి, కొన్నిచోట్ల మరో రాష్ట్రం నుంచి వచ్చినవారై ఉంటారు. రికార్డులలో ముతవల్లీగా ఉన్న పెద్దమనిషి కన్నుమూసి ఎన్నో ఏళ్లయి ఉంటుంది. వారసులు వలస వెళ్లి ఉంటారు. కొత్త ముతవల్లీని బోర్డు గుర్తించిన ఉత్తర్వు వచ్చి ఉండదు. ఖబరస్తాన్ సంగతి మరీ కష్టం. అందులో ఊరంతటి పూర్వీకులూ ఉన్నారు, కానీ దానికి బాధ్యుడని చెప్పదగిన మనిషి ఒక్కడూ లేడు. తెలుగు పల్లెల్లోని ఆషూర్‌ఖానాలను, అంటే మన పీర్ల చావిళ్లను, చాలాచోట్ల హిందూ కుటుంబాలు కూడా తరతరాలుగా చూసుకుంటున్నాయి. పీర్లను ఎత్తుకునే ఆ ఆసామి పోర్టల్ భాషలో ఎవరు?

ఇక నింపవలసిన వివరాలు చూడండి. 2025 సవరణ తెచ్చిన 3బి సెక్షన్ ప్రకారం ఆస్తి గుర్తింపు, సరిహద్దులు, వినియోగం, అనుభవదారు, వక్ఫ్ చేసిన దాత పేరు, చిరునామా, వక్ఫ్ అయిన విధానం, తేదీ, ఉంటే వక్ఫ్‌నామా, ప్రస్తుత ముతవల్లీ, వార్షికాదాయం, చెల్లించవలసిన శిస్తులు, పన్నులు, ఖర్చుల అంచనా, కోర్టు వ్యాజ్యాలు ఇవన్నీ చెప్పాలి. హైదరాబాద్ సంస్థానపు పాత ముంతఖబ్‌లు ఫార్సీ, ఉర్దూ లిపిలో, ఫస్లీ సంవత్సరాలలో ఉన్నాయి. తెలంగాణ భూమి లెక్క ఎకరాలు, గుంటలు. ఆంధ్రలో ఎకరాలు, సెంట్లు. పాత సర్వే నంబరు ఒకటి, ఉపవిభజన తరువాత పహాణీలోనో అడంగల్‌లోనో కనిపించే నంబరు మరొకటి. గెజెట్‌లో ఆస్తి పేరు ఒక రకంగా, బోర్డు రిజిస్టరులో మరొక రకంగా ఉంటుంది. వీటన్నింటినీ సమన్వయపరచడం అనుభవజ్ఞుడైన రెవెన్యూ ఉద్యోగికే రోజుల పని. ఆ పనిని జీవితంలో ఈమెయిలు వాడని వృద్ధుడి ముందు పెట్టి, 'మీ సౌకర్యం కోసమే' అన్నారు.

కాలం సంగతీ చెప్పుకోవాలి. పోర్టల్ జూన్ 6న మొదలైంది. దానిని నడిపే నిబంధనలు నోటిఫై అయినది జూలై 3న. అంటే ఆరు నెలలలో మొదటి 27 రోజులు నిబంధనలు లేకుండానే గడిచిపోయాయి. సవరణ చట్టం రాజ్యాంగబద్ధతపై సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వు సెప్టెంబరు 15న వచ్చింది. కొన్ని నిబంధనలను కోర్టు నిలిపివేసింది. నమోదును మాత్రం నిలిపివేయలేదు. ఉత్తర్వు వచ్చేదాకా వేచి చూద్దామనుకున్నవారికి ఆ తరువాత మూడు నెలలు కూడా మిగలలేదు. చివరి రోజుల్లో అందరూ ఒకేసారి పోర్టల్ మీద పడ్డారు. పేజీ తెరుచుకోవడం లేదని, నింపినది నిలవడం లేదని దేశం నలుమూలల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. గడువు పొడిగించాలని ముస్లిం పర్సనల్ లా బోర్డు తదితరులు కోరగా, డిసెంబరు 1న జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం నిరాకరించింది. కారణాలు చూపి ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే మార్గం చట్టంలోనే ఉన్నదని చెప్పింది. ఈమెయిలు లేక ఆగిపోయిన మనిషికి ఇప్పుడు వకీలు కావాలి.

రాయించడం దీన్ చెప్పిన మాటే

ఇంత చెప్పినంత మాత్రాన నమోదే వద్దనడం లేదు. వక్ఫ్ ఆస్తుల వివరాలు దాఖలు చేయాలన్న నియమం 1923 నాటి చట్టం నుంచీ ఉన్నది. ఇస్లాంలో రాతకోతల స్థానం అంతకంటే ఎంతో పాతది. ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైన ఆయతు బఖరా సూరాలోని 282వది. అది అప్పు ఒప్పందాలను రాసుకోవడం గురించినది. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దన్న బోధ అందులో ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లోని తన భూమిని వక్ఫ్ చేసినప్పుడు దాని షరతులు స్పష్టంగా నిర్ణయమయ్యాయి, తన తరువాత దాని బాధ్యతను తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)కు అప్పగించారు. ఆ వారసత్వం గల సముదాయం రికార్డుకు భయపడవలసిన పని లేదు.

కానీ అదే ఆయతులో మరొక ఏర్పాటు ఉన్నది, మన పోర్టల్ రూపకర్తలు దానిని గమనించి ఉంటే బాగుండేది. ఒప్పందం రాయడానికి అక్కడ లేఖకుడున్నాడు, రాయడం వచ్చినవాడు రాయనని నిరాకరించరాదు. బాధ్యత గల మనిషి అశక్తుడైతే, చెప్పి రాయించుకోలేనివాడైతే, అతని తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పి రాయించాలి. సాక్షులుండాలి. లేఖకుడికీ సాక్షికీ హాని కలగరాదు. అంటే రాత తప్పనిసరి అయిన చోట, రాయలేనివాడి కోసం ఒక మనిషిని నిలబెట్టడమూ తప్పనిసరి అయింది. రాయలేకపోయినందుకు హక్కు పోతుందని ఎక్కడా లేదు. పద్నాలుగు శతాబ్దాల నాడు, చదువు వచ్చినవారు వేళ్లపై లెక్కించదగిన సమాజంలో చేసిన ఏర్పాటు ఇది. మనిషి లేని తలుపును కట్టి, దానికి 'సాధికారత' అని పేరుపెట్టిన నేటి వ్యవస్థ ఈ పాటి శ్రద్ధ చూపలేదు.

ప్రభుత్వ పక్షపు వాదన

ప్రభుత్వం పక్షాన చెప్పదగిన మాటలు లేకపోలేదు. వక్ఫ్ రికార్డులు చాలాచోట్ల అధ్వానంగా ఉన్నమాట నిజం. వామ్‌సీలో యాజమాన్య పత్రాలు అప్‌లోడ్ అయినవి 9,279 ఆస్తులకేనని, వక్ఫ్‌నామాలు 1,083 మాత్రమేనని కేంద్రమే వెల్లడించింది. ముతవల్లీలలో స్వార్థపరులు, భూములను కారుచౌకగా లీజులకు ఇచ్చినవారు, కబ్జాదారులతో చేతులు కలిపినవారు ఉన్నారు. వివరాలు బహిరంగమైతే వారి ఆటకట్టు అవుతుంది. శిక్షణలు ఇచ్చామని, సహాయవాణి పెట్టామని ప్రభుత్వం అంటున్నది. గడువు ముగిసిన సమయంలో, ప్రయత్నించి పూర్తిచేయలేకపోయినవారిపై మూడు నెలల పాటు కఠిన చర్యలుండవని మంత్రి హామీ కూడా ఇచ్చారు.

ఈ మాటలను తేలికగా తీసివేయనవసరం లేదు. అయితే వీటికి ఎదురుగా ఒక వాస్తవాన్ని నిలపాలి. 2025 సవరణకు ముందు, 1995 వక్ఫ్ చట్టం ప్రకారం వక్ఫ్ ఆస్తులను సర్వే చేయవలసి ఉండినది ప్రభుత్వం నియమించే సర్వే కమిషనర్. ఆ నివేదిక ప్రభుత్వానికీ, బోర్డుకూ చేరి, జాబితా గెజెట్‌లో అచ్చయ్యేది. అంటే ఆస్తి ఎక్కడుందో, ఎంత ఉందో చెప్పే బాధ్యత రాజ్యంపైన ఉన్నది. గెజెట్ ప్రభుత్వం దగ్గరే ఉన్నది. వామ్‌సీ డేటా ప్రభుత్వం దగ్గరే ఉన్నది. రెవెన్యూ రికార్డులు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. వీటిని కొత్త పోర్టల్‌లోకి తెచ్చి, 'ఇవి మీ ఆస్తులు, సరిచూసుకుని లోపాలుంటే చెప్పండి' అని ముతవల్లీని అడగవచ్చు. అలా కాక ఖాళీ పేజీని ముందు పెట్టి మొదటి నుంచీ నింపమన్నారు. స్వయం నమోదు పేరిట జరిగింది భారపు బదిలీ. సర్వే చేయవలసినవారు పరిశీలకులయ్యారు, సంరక్షణ పొందవలసినవారు డేటా ఎంట్రీ గుమాస్తాలయ్యారు.

దీనికి ఉన్న మూల్యమేమిటో మన ప్రాంతానికి తెలుసు. మణికొండలోని దర్గా హజ్రత్ హుస్సేన్ షా వలీకి చెందినవని బోర్డు చెప్పిన 1,654 ఎకరాల వివాదం ముంతఖబ్‌ల చుట్టూ, గెజెట్ ప్రకటనల చుట్టూ ఏళ్ల తరబడి నడిచి, 2022 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టులో బోర్డుకు వ్యతిరేకంగా ముగిసింది. పాత కాగితంలో ఏ పదం ఉన్నది, ఏ ప్రకటన ఎప్పుడు వచ్చింది అన్నదే అక్కడ వేల కోట్ల విలువైన ప్రశ్న అయింది. రేపటి వివాదాలలో పోర్టల్‌లోని పంక్తి కూడా అటువంటి కాగితమే అవుతుంది. దానిని హడావిడిలో, అర్ధరాత్రి, ఇంటర్నెట్ సెంటరులోని కుర్రవాడి చేత నింపించడం ఎంత ప్రమాదమో ఊహించవచ్చు.

ప్రభుత్వాన్ని అడగవలసినవి

మన డిమాండ్లు నిర్దిష్టంగా ఉండాలి. మొదటిది, గెజెట్‌లోనూ వామ్‌సీలోనూ ఉన్న ఆస్తులను పోర్టల్‌లో ముందే చేర్చి, ముతవల్లీని ధ్రువీకరణ మాత్రమే కోరాలి. రెండవది, కాగితం దారి తెరిచి ఉంచాలి. మన రాష్ట్రాలలో మీసేవా కేంద్రాలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలున్నాయి. అక్కడ తెలుగులోనో ఉర్దూలోనో రాసిన దరఖాస్తు తీసుకుని, రసీదు ఇచ్చి, నమోదు చేసే బాధ్యత ఉద్యోగిదే కావాలి. రసీదు తేదీయే దాఖలు తేదీగా లెక్కకు రావాలి. మూడవది, ముతవల్లీ లేని ఆస్తులకు, మరీ ముఖ్యంగా ఖబరస్తాన్‌లకు, వక్ఫ్ బోర్డే మేకరుగా నిలవాలి. నాలుగవది, తిరస్కరించిన ప్రతి నమోదుకూ కారణాన్ని రాతపూర్వకంగా, అర్థమయ్యే భాషలో తెలిపి, సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలి. తిరస్కరణ పొందిన 10,869 ఆస్తులలో మస్జిదు ఏది, ఖబరస్తాన్ ఏది, ఏ లోపానికి ఏది ఆగింది అన్నది సముదాయానికి తెలియాలి. చివరిది అన్నింటికన్నా ముఖ్యం. పోర్టల్‌లో లేకపోవడాన్ని హక్కు లేకపోవడంగా ఏ అధికారీ పరిగణించరాదని ప్రభుత్వం స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి.

ఇక్కడ పాఠకులు ఒక భేదం గుర్తుంచుకోవాలి. వక్ఫ్ బోర్డులో రిజిస్ట్రేషన్ వేరు, పోర్టల్‌లో వివరాల దాఖలు వేరు. బోర్డులో రిజిస్టరై ఉండీ పోర్టల్‌కు ఎక్కని ఆస్తి విషయంలో, తగిన కారణం చూపితే మరో ఆరు నెలలకు మించకుండా వ్యవధి ఇచ్చే అధికారం 3బి సెక్షన్ ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. అసలు బోర్డులోనే రిజిస్టరు కాని వక్ఫ్ సమస్య మరింత తీవ్రం. దాని తరఫున దావా వేసే హక్కుకే సవరణ చట్టం ఆరు నెలల పరిమితి పెట్టింది, ఆపైన ఆలస్యానికి కారణం చూపి కోర్టును ఒప్పించాలి. వక్ఫ్‌నామా లేకుండా దీర్ఘకాల వినియోగం వల్ల వక్ఫ్ అయిన ఆస్తులు సవరణ నాటికి రిజిస్టరై ఉండి, వివాదంలో లేనివీ, ప్రభుత్వ భూములు కానివీ అయితేనే నిలుస్తాయి. కనుక మీ ఊరి మస్జిదు, ఖబరస్తాన్ ఈ రెండు పుస్తకాలలో దేనిలో ఉన్నాయో, దేనిలో లేవో ముందుగా తేల్చుకోవాలి. ఆ తరువాతే వకీలును కలవాలి.

మన చేతిలో ఉన్నవి

ప్రభుత్వాన్ని అడగడంతో మన బాధ్యత తీరిపోదు. నమోదు పూర్తయిన చోట్ల కూడా ఒక కొత్త ప్రమాదం పొంచి ఉన్నది. ఆ ఖాతా ఎవరి ఫోన్ నంబరు మీద ఉన్నది? ఎవరి ఈమెయిలు మీద ఉన్నది?

చాలాచోట్ల అది కార్యదర్శి కొడుకు నంబరు, లేదా ఇంటర్నెట్ సెంటరు యజమాని అప్పటికప్పుడు సృష్టించిన ఈమెయిలు. దాని పాస్‌వర్డు ఆయనకే తెలుసు, కొన్నాళ్లకు ఆయనకూ గుర్తుండదు. రీచార్జి చేయని సిమ్ కార్డు కొంత కాలానికి రద్దయి, అదే నంబరు మరొకరికి పోతుంది. రేపు సవరణ చేయాలన్నా, లేవనెత్తిన అభ్యంతరానికి జవాబివ్వాలన్నా ఓటీపీ ఆ నంబరుకే వెళుతుంది. పూర్వం మస్జిదు దస్తావేజులు ఒక కుటుంబం ట్రంకు పెట్టెలో ఉండిపోయి, ఆ కుటుంబానికీ కమిటీకీ గొడవ వస్తే ఆస్తి చిక్కుల్లో పడేది. ఆ ట్రంకు పెట్టె స్థానంలో ఇప్పుడు ఫోను వచ్చింది. దస్తావేజును అమానత్‌గా భావించినవారు లాగిన్‌ను కూడా అమానత్‌గానే భావించాలి.

ఆచరణలో ఇది కష్టమేమీ కాదు. ప్రతి సంస్థకూ దాని పేరు మీదే ఒక సిమ్, ఒక ఈమెయిలు ఉండాలి. రీచార్జి ఖర్చు సంస్థ లెక్కలో రాయాలి. పాస్‌వర్డును కాగితంపై రాసి, కవరులో మూసి, ఇద్దరు బాధ్యుల సంతకాలతో దస్తావేజుల పెట్టెలో ఉంచాలి. ఖాతా ఎవరు తెరిచారు, ఏ రోజు ఏమి దాఖలు చేశారు, ఎవరి సమక్షంలో చేశారు అన్నది కమిటీ మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి. దాఖలు చేసిన ప్రతి పేజీనీ ముద్రించి ఫైలులో పెట్టాలి. బాధ్యులు మారినప్పుడు తాళంచెవులతో పాటు లాగిన్‌ను కూడా అప్పగించి, రసీదు తీసుకోవాలి. ఓటీపీ అడిగి ఫోన్ చేసేవాడు బోర్డు ఉద్యోగినని చెప్పినా సరే, చెప్పరాదు.

మరొక జాగ్రత్త కూడా అవసరం. ముందుగా ఖాతా తెరిచినవాడే ముతవల్లీ అన్న భావన కొన్నిచోట్ల కమిటీ తగాదాలకు కొత్త ఆయుధమయ్యే ప్రమాదం ఉన్నది. నమోదు చేసినంత మాత్రాన ముతవల్లీ హోదా రాదు, ఆ హోదా వక్ఫ్ షరతుల నుంచి, బోర్డు గుర్తింపు నుంచి వస్తుంది. మీ ఊరి ఆస్తి వివరాలను ఎవరు దాఖలు చేశారో, విస్తీర్ణం తగ్గించి చూపారేమో, కబ్జాలో ఉన్న భాగాన్ని వదిలివేశారేమో జమాత్ పెద్దలు సరిచూడాలి. ఈ పరిశీలన లేకపోతే దొంగ లెక్కకు ప్రభుత్వ ముద్ర పడిపోతుంది. ఆ తరువాత దానిని చెరిపివేయడానికి తరాలు పట్టవచ్చు.

సముదాయంలో లేఖకులకు కొదవ లేదు. ఇంజినీరింగ్ చదివిన యువకులు, బ్యాంకుల్లో పనిచేసే సోదరీమణులు, పదవీ విరమణ చేసిన రెవెన్యూ ఉద్యోగులు, ఉర్దూ ఉపాధ్యాయులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. ముంతఖబ్‌ను చదవగల వృద్ధుడిని, ఫారాన్ని నింపగల అమ్మాయిని, సర్వే నంబరును పట్టుకోగల విశ్రాంత ఉద్యోగిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగితే చాలు. జుమా తరువాత రెండు గంటలు, మండల కేంద్రంలోని మస్జిదు ఆవరణలో అటువంటి బల్ల ఒకటి ఉంటే చుట్టుపక్కల ఊళ్ల పని జరుగుతుంది. ఆ బల్ల దగ్గర స్త్రీలు కూడా ఉండాలి. వితంతువులు, ఒంటరి మహిళలు తమ పని చెప్పుకోవడానికి సంకోచించకుండా రావాలంటే అది తప్పనిసరి.

ఆ బల్ల వక్ఫ్ పనితోనే ఆగనవసరం లేదు. పిల్లల స్కాలర్‌షిప్‌లకు జాతీయ పోర్టల్‌లో ఒకసారి నమోదు, ఆధార్ ధ్రువీకరణ వచ్చాయి. మన ఇళ్లలో ఒకే పేరును షేక్ అని, షైక్ అని, ఒట్టి ఎస్‌కే అని నానా విధాలుగా రాస్తారు. మహమ్మద్ ఒకచోట ఎండీ అవుతాడు, తల్లి పేరు ఒకచోట బీ, మరొకచోట బేగం. బడి రిజిస్టరుకూ ఆధార్‌కూ పొసగక నమోదు ఆగిపోతే, బిడ్డ అర్హత పోయిందని కుటుంబం అనుకుంటుంది. ఆగింది అక్షరాల దగ్గరే. స్కాలర్‌షిప్‌లు తెరవకముందే ఆ అక్షరాలను సరిచేయించడం ఆ బల్ల చేయగల పెద్ద మేలు.

పోర్టల్‌లు ఇంకా వస్తాయి. రేషను, పింఛను, ఓటు, భూమి, చదువు అన్నీ ఒక్కొక్కటిగా స్వయం నమోదు వైపు సాగుతున్నాయి. సాంకేతికతను ఆపమని మనం అడగడం లేదు. తనంతట తాను చేసుకోగలవాడు చేసుకోనివ్వండి, చేసుకోలేనివాడి కోసం ఒక మనిషిని నిలబెట్టండి, ఎవరూ రానంత మాత్రాన వారి హక్కును కొట్టివేయకండి అని అడుగుతున్నాం. ప్రభుత్వం ఆ మనిషిని నిలబెట్టేదాకా అడుగుతూనే ఉండాలి. ఈలోగా మన మస్జిదు బల్ల దగ్గర మన మనిషి కూర్చుని ఉండాలి. ఖబరస్తాన్‌లో పడుకున్నవారు తమ నమోదు తాము చేసుకోలేరు. వారి సంరక్షకులం మనమే.